బోల్జానో గోడ మీద ముసోలినీ, ఆయన మీదుగా ఒక వాక్యం

పాతగోడ:

ఇటలీ ఉత్తర కొసన, ఆల్ప్స్ లోయల్లో ఉన్న బోల్జానో నగరంలో న్యాయస్థానానికి ఎదురుగా ఒక పెద్ద ప్రభుత్వ భవనం ఉంది. ఇప్పుడు అందులో పన్నుల శాఖ కార్యాలయాలు నడుస్తున్నాయి గానీ, దాన్ని కట్టింది ఫాసిస్టు పార్టీ స్థానిక కార్యాలయం కోసం. హాన్స్ పిఫ్రాడర్ అనే ఆ ప్రాంతపు శిల్పి చెక్కిన ఉబ్బెత్తు శిల్పం దాని ముఖభాగం మీద 57 ట్రావర్టీన్ రాతి పలకలుగా, 36 మీటర్ల పొడవున పరుచుకొని ఉంటుంది. ఫాసిస్టులు తమ గురించి తాము చెప్పుకున్న విజయగాథ అది. నడిమధ్యన గుర్రం మీద కుడిచేయి చాచిన ముసోలినీ ఉంటాడు. ఆ రాతిలోనే 'నమ్ము, లోబడు, పోరాడు' అన్న పార్టీ నినాదం కూడా ఉంటుంది.

2017 నవంబరులో ఆర్నోల్డ్ హోల్జ్‌క్నెహ్ట్, మికేలె బెర్నార్ది అనే ఇద్దరు కళాకారులు ఒక్క పలకనైనా తొలగించకుండా, ఆ శిల్పానికి అడ్డంగా వెలిగే అక్షరాలను అమర్చారు. 'లోబడే హక్కు ఎవరికీ లేదు' అన్న తత్త్వవేత్త హన్నా ఆరెంట్ మాట అక్కడ ఇటాలియన్, జర్మన్, ఆ కొండల్లో మాట్లాడే లదీన్ భాషల్లో కనిపిస్తుంది. చీకటి పడ్డాక అక్షరాలు ముందుకు వస్తాయి, వాటి వెనక గుర్రమూ మనిషీ కనబడుతూనే ఉంటారు.

ఫాసిస్టు కట్టడాలను ఎదుర్కొన్న సమకాలీన కళాకృతుల్లో నాకు అన్నిటికంటే గురి కుదిరింది దీని మీదనే. కూల్చివేత వల్ల సాక్ష్యం పోతుంది, అలాగే వదిలేస్తే ఆ రాయి తన మాటను చెప్పుకుంటూనే పోతుంది. ఈ ఇద్దరూ ఆ నినాదంలోని మూడు క్రియల్లో నడిమిదాన్ని పట్టుకొని, సరిగ్గా దానికే జవాబు చెప్పారు. ఏ ఫాసిస్టు భవనం మీదనైనా అతికించదగిన సాధారణ శాంతి సందేశం కాదది. మరో గోడకు తీసుకువెళితే సగం అర్థం రాలిపోతుంది. కళ ఇలాంటి చోట చేయవలసింది ఇదేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

సున్నపురాయి:

పాతగోడ గారూ, మీరు చెప్పినదానికి ఆ భవనం పుట్టుక గురించి ఒక ముఖ్యమైన సంగతి చేర్చాలి. ఆ కట్టడం 1939కీ 1942కీ మధ్య లేచింది. పిఫ్రాడర్‌కు ఈ పని అప్పగించిందీ ఆ రోజుల్లోనే. కానీ పలకలన్నీ అప్పట్లో గోడకెక్కలేదు. ముసోలినీ పతనమై, యుద్ధం ముగిసి, రాచరికం పోయి గణతంత్రం వచ్చి, ఫాసిస్టు పార్టీని మళ్లీ పెట్టకూడదని రాజ్యాంగంలో రాసుకున్న తరువాత, 1957లో మిగిలిన పలకలను తెచ్చి బిగించి ఆ శిల్పాన్ని పూర్తి చేశారు.

ఆర్కిటెక్చర్ చదివినవాడిగా నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. 'అవశేషం' అనగానే పాత కాలం వదిలి వెళ్లినదేదో మన ముందు పడి ఉందనుకుంటాం. బోల్జానోలో ఉన్నది అలా మిగిలిపోయినది మాత్రమే కాదు. అందులో కొంత భాగాన్ని ప్రజాస్వామ్య ప్రభుత్వం కొలిచి, పరంజా కట్టి, కూలి ఇచ్చి పెట్టించింది. దాని వెనక పెద్ద సిద్ధాంతమేదీ ఉండకపోవచ్చు, సగంలో ఆగిన పనిని పూర్తి చేయడం ఎవరో ఒక అధికారికి సహజంగానే తోచి ఉండవచ్చు. ఆ సహజత్వమే అసలు విషయం. ఆరెంట్ వాక్యం ముసోలినీకి జవాబుగా ఎంత సరిపోతుందో, 1957లో ఆ ఫైలు మీద సంతకం చేసిన గుమాస్తాకూ అంతే సరిపోతుంది.

చిత్తరువు:

నేను ఒప్పుకోలేను. నాకు బోల్జానో పని మరీ మర్యాదగా కనిపిస్తుంది. గోడకు గీత పడకుండా, రాయికి నొప్పి తెలియకుండా, సన్నని అక్షరాలను తీర్చిదిద్ది పెట్టారు. పగటిపూట శిల్పానిదే పైచేయి. రాత్రిపూట అది చక్కటి దీపాలంకరణ, ఫొటోలకు బాగుంటుంది. ఎదుర్కోవడం అంటే ఇది కాదు.

రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన అయిన వెనిస్ బినాలేలో 1993లో హాన్స్ హాకె అనే జర్మన్ కళాకారుడు చేసిన పనితో దీన్ని పోల్చి చూడండి. అక్కడ జర్మనీ తన కళను ప్రదర్శించే భవనం, జర్మన్ పెవిలియన్, మొదట 1909లో కట్టినది. 1938లో ఎర్న్స్ట్ హైగర్ దాన్ని నాజీ అభిరుచికి తగినట్టు నిలువెత్తు చదరపు స్తంభాలతో మార్చాడు. హాకె గుమ్మం దగ్గర ఎర్రటి అడ్డుగోడ నిలిపి, దాని మీద 1934లో బినాలేకు వచ్చిన హిట్లర్ ఫొటో తగిలించాడు. గుమ్మం పైన, ఒకప్పుడు నాజీ చిహ్నం ఉన్న చోట, జర్మనీ ఏకీకరణ జరిగిన 1990 నాటి ఒక మార్కు నాణేన్ని పెద్దది చేసి పెట్టాడు. ఆ అడ్డుగోడ దాటి లోపలికి వెళితే హాలు మొత్తం ఖాళీ, వెనక గోడ మీద 'జెర్మానియా' అన్న ఒక్క మాట, కాళ్ల కింద మాత్రం ముక్కలు ముక్కలుగా పగిలి, అంచులు పైకి లేచి, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్న నేలపలకలు. చూడవచ్చినవాళ్లు కింద చూసుకుంటూ, తూలుతూ, పలకలు కటకటమని కదులుతుంటే నడవవలసి వచ్చింది. నిటారుగా నిలబడి గంభీరంగా చూడడానికి కట్టిన భవనంలో ఎవరూ నిటారుగా నిలబడలేకపోయారు. ఆ ఏడాది హాకె, నామ్ జూన్ పైక్ ఇద్దరి పనికీ కలిపి ఆ పెవిలియన్‌కు బినాలే అత్యున్నత పురస్కారమైన స్వర్ణ సింహం వచ్చింది.

అక్కడ వాదన చూసేవాడి పాదాలకు తెలిసింది. బోల్జానోలో అది చదువుకున్నవాడి కళ్లకే తెలుస్తుంది.

మిన్నేరు:

చిత్తరువు గారూ, హాకె పని గొప్పదనంలో నాకు సందేహం లేదు. కానీ వెనిస్‌లో బినాలే కొన్ని నెలల్లో ముగిసిపోతుంది, నేలను మళ్లీ బాగు చేసుకుంటారు, మరుసటి బినాలేకు మరో కళాకారుడు వస్తాడు. బోల్జానోలో ఆ గోడ ముందు నుంచి జనం ప్రతిరోజూ పన్ను కట్టడానికీ కోర్టు వాయిదాలకూ నడుస్తారు. పైగా ఆ జనం ఒక్క జనం కాదు. అక్కడి చరిత్ర కొంచెం చెప్పకపోతే, మీరు మర్యాద అంటున్నది ఎందుకు అవసరమైందో తెలియదు.

మొదటి ప్రపంచ యుద్ధం దాకా బోల్జానో ఉన్న దక్షిణ టిరోల్ ప్రాంతం ఆస్ట్రియాలో ఉండేది, మాట్లాడేది ప్రధానంగా జర్మన్. యుద్ధం తరువాత అది ఇటలీకి దక్కింది. ఫాసిస్టులు వచ్చాక బడుల్లో జర్మన్‌ను నిషేధించారు. పిల్లలకు సొంత భాష నేర్పడానికి ఇళ్లల్లో రహస్యంగా బడులు నడిచాయి. ఎత్తోరె తోలొమెయి అనే ఆయన ఊళ్లకూ కొండలకూ నదులకూ ఇటాలియన్ పేర్లు కట్టబెట్టాడు. 1939లో హిట్లర్, ముసోలినీ ఒప్పందం చేసుకొని, జర్మన్ మాట్లాడేవాళ్లను జర్మనీకి పోతారా, ఇక్కడే ఉండి ఇటాలియన్లు అవుతారా తేల్చుకొమ్మన్నారు. అత్యధికులు పోతామనే రాసి ఇచ్చారు. నిజంగా పోయినవారు సుమారు 75 వేలు. ఈలోగా ఫాక్టరీలు పెట్టి, ఇటలీలోని ఇతర ప్రాంతాల నుంచి ఇటాలియన్ కుటుంబాలను పెద్ద ఎత్తున తీసుకువచ్చారు. అందువల్లనే ఇప్పుడు ఆ ప్రాంతం మొత్తం మీద జర్మన్ భాషీయులు మూడింట రెండు వంతులు ఉంటే, బోల్జానో నగరంలో మాత్రం దాదాపు నలుగురిలో ముగ్గురు ఇటాలియన్ భాషీయులు.

అదే నగరంలో మార్చెల్లో పియాచెంతీని గీసిన విజయ స్మారకం ఉంది. ఆస్ట్రియా సైనిక దళానికి కడుతూ సగంలో ఆగిన స్మారకాన్ని కూల్చి, ఆ చోటనే 1928లో దీన్ని ప్రారంభించారు. స్తంభాలన్నీ ఫాసిస్టుల గుర్తు అయిన కర్రల కట్ట, గొడ్డలి ఆకారంలో ఉంటాయి. నుదుటి మీద లాటిన్‌లో, ఇది మాతృభూమి సరిహద్దు అనీ, ఇక్కడి నుంచే మిగతావారికి భాష, చట్టం, కళలు నేర్పామనీ చెక్కి ఉంటుంది. ఆ 'మిగతావారు' ఎవరో ఆ ఊళ్లో ఎవరినీ అడగనక్కరలేదు. దాన్ని పేల్చాలని ప్రయత్నాలు జరిగాయి, చుట్టూ కంచె వేశారు. నగరపాలక సంఘం 2001 చివర అక్కడి విజయ చౌరస్తాకు శాంతి చౌరస్తా అని పేరు మారిస్తే, 2002లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 62 శాతం మంది పాత పేరే కావాలని ఓటు వేశారు.

ఆ ఓటు వేసినవాళ్లంతా ఫాసిస్టులని నేననుకోను. తమ తాతలు కూలి కోసం వచ్చిన ఊరిలో, తమను అతిథులుగా చూస్తున్నారన్న భయం వాళ్లది. ఇలాంటి చోట ఎవరైనా సుత్తి పట్టుకొని బయలుదేరితే, అది ఫాసిజం మీద పడిన దెబ్బ అని ఒక సగం, తమ మీద పడిన దెబ్బ అని మరో సగం చెప్పుకుంటాయి.

పాతగోడ:

మిన్నేరు గారు చెప్పిన విజయ స్మారకం మీద కూడా అలాంటి పనే జరిగింది. 2014లో దాని కింది గదుల్లో ఒక శాశ్వత ప్రదర్శన తెరిచారు. 1918 నుంచి 1945 దాకా ఆ నగరం మీదుగా నడిచిన ఫాసిస్టు, నాజీ నియంతృత్వాలు రెండింటినీ కలిపి చెప్పే ప్రదర్శన అది. పైన, బయట, చేసిన మార్పు ఒక్కటే: వరుసలోని ఒక్క స్తంభానికి నల్లని ఉంగరం లాంటి వలయం తొడిగి, అందులో ఎర్రటి ఎల్‌ఈడీ అక్షరాలు తిరిగేట్టు పెట్టారు. స్మారకం తెల్లరాయి, నిశ్చలత, సమరూపం. వలయం నలుపు, కదలిక, ఒక్క చోటే. ఆ వరుసను చూసిన కన్ను ఇక మళ్లీ దాన్ని ఒకే కట్టగా చూడలేదు. ఒక్క స్తంభం చెడితే సమరూపం మొత్తం చెడుతుందన్న లెక్క అది, నాకు చాలా నచ్చింది. ఆ ప్రదర్శనకు 2016లో యూరోపియన్ మ్యూజియం పురస్కారాల్లో ప్రత్యేక ప్రశంస దక్కింది.

ఇక పిఫ్రాడర్ శిల్పం సంగతి. 2011 మొదట్లో రోమ్‌లోని సంస్కృతి మంత్రి ఆ శిల్పాన్ని అక్కడి నుంచి కదిలించడానికి జర్మన్ భాషీయుల పార్టీకి మాట ఇచ్చాడు. అప్పుడు పార్లమెంటులో ఆయన మీద అవిశ్వాసం నడుస్తోంది, ఆ పార్టీ ఓట్లు ఆయనకు అవసరం. సహజంగానే నగరంలోని ఇటాలియన్లు భగ్గుమన్నారు. ఆ తరువాత స్థానిక ప్రభుత్వం ఆలోచనలు పంపమని అందరినీ అడిగితే దాదాపు 500 ప్రతిపాదనలు వచ్చాయి. ఆ దారిలోనే హోల్జ్‌క్నెహ్ట్, బెర్నార్దిల పని ఎంపికైంది. ఒక మంత్రి కుర్చీ కోసం ఆ శిల్పం ఒక రాత్రికి రాత్రి మాయమై ఉంటే, అది జర్మన్ల గెలుపుగానో ఇటాలియన్ల ఓటమిగానో మిగిలిపోయేది, ఫాసిజం ఊసు అందులో ఎక్కడా ఉండేది కాదు.

చిత్తరువు:

మీ ఇద్దరూ చెబుతున్నది రాజీ గురించి. రాజీ మంచిదే, నగరాలు రాజీల మీదనే బతుకుతాయి. కానీ కళకు రాజీ కుదర్చడమే పని అయితే, దాన్ని కొలిచే కొలమానం ఏమిటి? ఎవరికీ కోపం రాకపోవడమా?

హాకెదే మరో పని చెబుతాను. 1938లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో నాజీలు మేరీమాత స్తంభాన్ని ఎర్రగుడ్డతో కప్పి, స్తూపం లాగా చేసి, 'ఎంతైనా మీరే గెలిచారు' అని రాసి సంబరం చేసుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1988లో, హాకె అదే చోట అదే స్తూపాన్ని అచ్చుగుద్దినట్టు మళ్లీ నిలబెట్టాడు. తేడా అడుగున మాత్రమే. ఆ ప్రాంతంలో చంపబడ్డ యూదుల, జిప్సీల, రాజకీయ ఖైదీల, యుద్ధంలో పోయినవాళ్ల సంఖ్యలను 'ఓడినవారు' అన్న శీర్షిక కింద వరుసగా రాశాడు. నవంబరు మొదట్లో ఒక రాత్రి నవ నాజీలు దానికి నిప్పు పెట్టారు. లోపలి మేరీమాత విగ్రహం కూడా దెబ్బతింది.

ఆ మంట కళాకారుడు కోరుకున్నదని అనను. కానీ ఆ ఊళ్లో అంతా అయిపోయిందని అనుకుంటున్నవాళ్లకు, ఏదీ అయిపోలేదని రుజువైంది. బోల్జానో అక్షరాలు ఎవరి గుట్టును బయటపెట్టాయి?

ఉత్తరపుగాలి:

ఉద్యోగరీత్యా న్యూరంబర్గ్‌లో ఉంటున్నాను, కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. నాజీ పార్టీ మహాసభల మైదానంలో కాంగ్రెస్ హాలు అనే సగం కట్టిన భవనం ఉంది. రోమ్ కొలోసియాన్ని చూసి లుడ్విగ్, ఫ్రాన్స్ రుఫ్ అనే తండ్రీకొడుకులు గీసిన నమూనా అది; 50 వేల మంది పట్టాలనుకున్నారు, పైకప్పు వేయనే లేదు. బయటికి గ్రానైట్ తొడుగు, లోపల మామూలు ఇటుక. 2001లో గున్టర్ డోమెనిగ్ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ దాని ఉత్తర భాగంలో డాక్యుమెంటేషన్ కేంద్రం కట్టాడు. ఆయన చేసిందేమిటంటే, ఉక్కూ గాజూ కలిపి 130 మీటర్ల నడవను ఏటవాలుగా, భవనం పొట్టలోంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా దింపేశాడు. రుఫ్‌ల భవనంలో అన్నీ లంబకోణాలే, ఈ నడవ ఒక్క గోడకూ సమాంతరంగా ఉండదు.

లోపల నడుస్తుంటే రంపంతో కోసిన చోట్లు చేతికి అందేంత దగ్గరగా వస్తాయి. మీటర్ల మందం ఉన్న ఇటుక గోడ అడ్డకోత, వరుస వరుసా సున్నం గీతలతో సహా, నున్నగా కనిపిస్తుంది. కాంక్రీటులో తెగిన గులకరాళ్లు మెరుస్తుంటాయి. ఆ గోడకు పూత వేయలేదు, అంచు సరిచేయలేదు. చివర నడవ గోడను చీల్చుకొని లోపలి ఆవరణ మీద గాలిలోకి వచ్చి ఆగుతుంది. డోమెనిగ్ నాజీ కుటుంబంలో పుట్టినవాడు కాబట్టి ఆ కోతలో ఆయనకు సొంత లెక్క కూడా ఉందనిపిస్తుంది.

చిత్తరువు గారు అడిగిన దెబ్బ ఇక్కడ ఉంది, మిన్నేరు గారు అడిగిన శాశ్వతత్వం కూడా ఉంది. కానీ కొంచెం దూరంలో జెప్పెలిన్ మైదానపు వేదిక ఉంది, దాని సంగతి వేరు. దాని మీది పెద్ద స్వస్తిక్‌ను 1945లో అమెరికా సైన్యం పేల్చివేసింది, 1967లో స్తంభాల వరుసలను తీసేశారు, మిగిలిన మెట్ల చుట్టూ ఏటా కార్ల పందేలు జరుగుతాయి. వాన నీరు దిగి రాయి ఊడిపోతుంటే, అది కూలకుండా కాపాడడానికి సుమారు 85 మిలియన్ యూరోలు ఖర్చు చేయాలని నిర్ణయించారు. తన కట్టడాలు శిథిలాలయ్యాక కూడా రోమన్ శిథిలాల్లా ఘనంగా కనబడాలని ఆ వేదికను గీసిన హిట్లర్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పేర్ కలగన్నాడు. అది నాసిరకంగా, హడావుడిగా కట్టిన వేదిక; వదిలేస్తే ఘనంగా కాదు, గలీజుగా కూలుతుంది. దాన్ని బాగు చేసి నిలబెట్టడం వల్ల ఆయన కల తీరుస్తున్నట్టా, లేదా అన్నది ఇక్కడ ఇంకా తెగని వాదన.

నిర్వాహకుడు:

మన విగ్రహాల తగాదాలను ఇక్కడికి తెచ్చిన రెండు వ్యాఖ్యలను వేరే శీర్షిక కిందకు మార్చాను. ఇక్కడ ఇటలీ, జర్మనీ, ఆస్ట్రియాలలోని కట్టడాల మీదనే మాట్లాడుకుందాం.

సున్నపురాయి:

ఉత్తరపుగాలి గారూ, డోమెనిగ్ కోత నాకు ఇష్టమే, కానీ దాని మీద ఒక అనుమానం ఉంది. భవనం పెద్దది, రాక్షసాకారం. దాన్ని చీల్చినవాడు వీరుడు. ఈ నాటకం ఆ భవనం స్థాయిలోనే, దాని భాషలోనే నడుస్తోందేమో. 2022లో అదే వెనిస్ పెవిలియన్‌లో మరియా ఐక్‌హోర్న్ చేసిన పని ఇందుకు భిన్నం. ఆమె పలకలు పగలగొట్టలేదు. పునాదుల దాకా నేలను తవ్వించి, 1909 నాటి గోడకు 1938 నాటి గోడ ఎక్కడ అతుక్కుందో, ఎక్కడ పాత గుమ్మం మూసి కొత్తది తెరిచారో, పూత గీకించి చూపించింది. శాశ్వతంగా నిలుస్తానని రొమ్ము విరుచుకున్న భవనం ఏడాదిలో అతుకులు వేసిన ఇల్లుగా తేలిపోయింది. వీరత్వం లేదు, తాపీపని మాత్రమే ఉంది. మా వృత్తిలోవాళ్లకు అంతకు మించిన అవమానం లేదు.

ఇక అసలే ఎదుర్కోని దానికి ఉదాహరణ కావాలంటే రోమ్‌కు వెళ్లాలి. ఎయూర్ ప్రాంతంలో కమానుల మీద కమానులతో నిలిచిన ఇటాలియన్ నాగరికతా భవనం 2015 నుంచి ఫెండి అనే ఫ్యాషన్ సంస్థ ప్రధాన కార్యాలయం. దాని నెత్తిన నాలుగు వైపులా, ఇటాలియన్లు కవుల, కళాకారుల, వీరుల, సాధువుల జాతి అన్న మాటలు చెక్కి ఉంటాయి. ఆ మాటలు 1935 అక్టోబరు 2న ముసోలినీ చేసిన ప్రసంగంలోవి. ఆ మరునాడే ఇటలీ సైన్యం ఇథియోపియాలోకి దిగింది. కింద చేతిసంచులు, పైన యుద్ధప్రకటన. బాగు చేయించిన భవనం చాలా అందంగా ఉందని అందరూ అంటారు, నిజమే. అక్కడ ఒక్క ఎల్‌ఈడీ దీపం పెట్టి ఆ తేదీ రాసినా, చిత్తరువు గారూ, మీరు అంటున్న మర్యాద ఎంత అమర్యాదో తెలిసేది.

ఇంకో దారి కూడా ఉంది. సిసిలీలో 1940లో ఫాసిస్టు ప్రభుత్వం కట్టిన బోర్గో రిజ్జా అనే వలస గ్రామాన్ని తీసుకొని, శాండీ హిలాల్, అలెస్సాంద్రో పెత్తీ అనే ఆర్కిటెక్టులు అక్కడి కార్యాలయ ముఖభాగానికి ప్రతిరూపం చేసి, దాన్ని ముక్కలుగా విడగొట్టి, నేల మీద కూర్చునే దిమ్మెలుగా మార్చారు. వలస పాలన కార్యాలయం ముఖం మీద జనం కూర్చొని వలస పాలన గురించి మాట్లాడుకుంటారు. 2023 వెనిస్ ఆర్కిటెక్చర్ బినాలేలో దానికి స్వర్ణ సింహం వచ్చింది.

మిన్నేరు:

బోల్జానో వాక్యం గురించే ఒక ప్రశ్న. ఆరెంట్ ఆ మాట అన్నది 1964లో యోఆఖిమ్ ఫెస్ట్ అనే జర్మన్ చరిత్రకారుడితో జరిగిన రేడియో సంభాషణలో. యూదుల హత్యాకాండను నడిపినవాళ్లలో ఒకడైన నాజీ అధికారి ఐక్‌మన్ జెరూసలెం విచారణలో, తాను జర్మన్ తత్త్వవేత్త కాంట్ చెప్పిన నీతి ప్రకారం బతికానని చెప్పుకున్నాడు. దానికి జవాబుగా ఆమె, కాంట్ ప్రకారం లోబడే హక్కు ఏ మనిషికీ లేదని అంది. అంటే అది సార్వకాలిక సూక్తిగా కాక, ఒక హంతకుడు ఒక తత్త్వవేత్తను అడ్డు పెట్టుకుంటే, ఆ అడ్డు తొలగించడానికి చెప్పిన మాట. గోడ మీద కాంట్ పేరు లేదు, ఐక్‌మన్ పేరు లేదు. నినాదానికి బదులుగా ఇంకో నినాదం పెట్టినట్టు కాలేదా?

చిత్తరువు:

అదే నా ఫిర్యాదు కూడా. ముసోలినీ మూడు ముక్కల్లో ఆజ్ఞాపించాడు, వీళ్లు ఒక ముక్కలో ఆజ్ఞాపించారు. రెండూ గోడ మీది పెద్దక్షరాలే.

పాతగోడ:

ఆ రెండూ ఒకటి కాదు. 'లోబడు' అన్నది ఎదుటివాడి చేత ఒక పని చేయించే మాట. 'లోబడే హక్కు లేదు' అన్నది చదివినవాడిని ఇబ్బందిలో పడేస్తుంది, ఎందుకంటే ఆ వాక్యానికి కూడా వాడు లోబడడానికి వీల్లేదు, ఆలోచించుకోవలసిందే. కాంట్ పేరు గోడ మీద ఉంటే చదువుకున్నవాళ్లకు సంతోషంగా ఉండేది, మిగతావాళ్లు తలతిప్పుకొని పోయేవాళ్లు. సందర్భం కావలసినవాళ్లకు చౌరస్తాలో వివరణ పలకలు ఉన్నాయి.

ఇంకొకటి, ఆ మూడో భాషను ఎవరూ ప్రస్తావించలేదు. లదీన్ మాట్లాడేవాళ్లు ఆ కొండల్లో చాలా కొద్దిమంది. కళాకారులిద్దరూ వచ్చింది లదీన్ మాట్లాడే గార్దేనా లోయ నుంచే. ఇటాలియన్లూ జర్మన్లూ నూరేళ్లుగా ఆ నగరం ఎవరిదని లాగులాడుకుంటుంటే, ఆ లాగులాటలో లెక్కకు రానివాళ్ల భాష కూడా అదే వెలుగుతో ముసోలినీ గుర్రం మీదుగా పోతోంది. ఆ విజయ స్మారకం నుదుటి మీది లాటిన్ వాక్యం ఒక్క భాషకే పెద్దరికం ఇచ్చింది. దానికి జవాబు ఈ గోడ మీద మూడు భాషల్లో వచ్చింది. 2016 నగర ఎన్నికల్లో కాసాపౌండ్ అనే నవ ఫాసిస్టు సంస్థ మూడు స్థానాలు గెలిచిన ఊరది. ఆ వాక్యాన్ని అక్కడ రాత్రంతా వెలిగించడంలో మీరన్నంత మర్యాద లేదు.

ఉత్తరపుగాలి:

హాంబర్గ్ ఉదాహరణ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. 1936లో రిషార్డ్ క్యూల్ చెక్కిన సైనికుల స్మారకం పక్కన దానికి జవాబుగా ఎదురు స్మారకం కట్టే పని ఆల్ఫ్రెడ్ హ్రడ్లిచ్క అనే శిల్పికి ఇచ్చారు. నాలుగు భాగాలు అనుకున్నారు, డబ్బు తగాదాలతో 1986 నాటికి రెండే పూర్తయ్యాయి, పని అక్కడే ఆగింది. దాన్ని చూస్తే, ఎదురు కళకు కోపం ఉంటే చాలదు, ఆ కోపాన్ని చివరిదాకా మోసే నగరం కూడా కావాలనిపిస్తుంది. బోల్జానో ఆ మేరకు నయం.

చిత్తరువు:

సరే, మూడో భాష సంగతి విన్న తరువాత ఆ పని మీద నా గౌరవం కొంచెం పెరిగింది; మర్యాద గురించిన మాట మాత్రం వెనక్కి తీసుకోను. నాకు ఇంకా గుచ్చుకుంటున్నది సున్నపురాయి గారు మొదట్లో చెప్పిన 1957. ఆ గోడ మీది వెలుగు ముసోలినీతో మాట్లాడుతోంది, ముసోలినీ పోయాక ఆ పలకలు బిగించిన గణతంత్రంతో మాట్లాడడం లేదు. 57 పలకల్లో ఏవి 1942కు ముందు ఎక్కాయో, ఏవి తరువాత ఎక్కాయో, చూసేవాడికి తేడా తెలిసేట్టు చేయమని ఇంకో పోటీ పెడితే, నేను మొదటి పేరు ఇస్తాను.

సున్నపురాయి:

ఆ పోటీకి సుత్తి అవసరం లేదు, చిత్తరువు గారూ. తరువాత ఎక్కిన పలకల మీద వేరే రంగు దీపం చాలు. ఐక్‌హోర్న్ అతుకులు చూపించినట్టే, ఇక్కడ కూడా అతుకు ఎక్కడుందో కనబడితే చాలు. మీరు దాన్ని కూడా మర్యాద అంటారేమో.

చిత్తరువు:

అనను. అది పన్నుల శాఖవాళ్లకు అస్సలు నచ్చదు.